లెక్కల్లో లాభం, మీటర్లో సున్నా

మా ఇంట్లో ఎవరికీ పేర్లు లేవు, ఫుట్‌బాల్ క్లబ్బులే ఉన్నాయి. తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్ హై స్ట్రీట్ దగ్గర ఒక అద్దింట్లో ఉంటాం. విజయవాడ నుంచి వచ్చినవాడు ఆర్సెనల్, కాకినాడవాడు స్పర్స్, ఖమ్మంవాడు చెల్సీ. పైన బాక్స్ రూమ్‌లో చెల్సీ పిన్ని కొడుకు ఉంటాడు. బాక్స్ రూమ్ అంటే, మంచం వేశాక మనిషి పక్కకి తిరగాలంటే తలుపు తియ్యాల్సిన గది. ఆ అబ్బాయి డేటా సైన్స్ చదువుతూ పార్ట్‌టైమ్ పనిచేసుకుంటాడు, ఫుట్‌బాల్ పట్టదు. నేను క్రికెట్ మనిషిని కాబట్టి నన్ను ‘న్యూట్రల్’ అంటారు. న్యూట్రల్‌గా ఉన్న పాపానికి వంట నాది.

మా ముగ్గురు వీరాభిమానులూ ఈ దేశానికొచ్చి ఎంతో కాలం కాలేదు. మాటలు వింటే మాత్రం, 1913లో ఆర్సెనల్ థేమ్స్ అవతల వూల్విచ్ నుంచి ఉత్తర లండన్ హైబరీకి మకాం మార్చినప్పుడు సామాన్లు మోసింది వీళ్ళేనేమో అనిపిస్తుంది. ‘మా పేటలోకి వచ్చి పాతుకుపోయారు’ అని స్పర్స్ ఇప్పటికీ రగిలిపోతాడు. కాకినాడ జగన్నాథపురంలో పుట్టినవాడికి ఉత్తర లండన్‌లో కబ్జా గొడవేమిటో! 2001లో స్పర్స్ క్లబ్బు ఆటగాడు సోల్ క్యాంప్‌బెల్ కాంట్రాక్టు ముగించుకుని, స్పర్స్‌కి పైసా ట్రాన్స్‌ఫర్ ఫీజు రాకుండా నేరుగా ఆర్సెనల్‌లో చేరిపోయాడు. ఆ పేరు వినబడితే మావాడు కంచం ముందునుంచి లేచిపోతాడు. క్యాంప్‌బెల్ వెళ్ళిపోయేనాటికి వీడు ఎల్‌కేజీ.

జీతాలు వేలల్లో, మాటలు మిలియన్లలో. 2025 సెప్టెంబర్ 1న లివర్‌పూల్ క్లబ్బువాళ్ళు అలెగ్జాండర్ ఇసాక్ అనే ఆటగాణ్ణి న్యూకాజిల్ క్లబ్బు నుంచి 125 మిలియన్ పౌండ్లకి కొన్నారు. మన డబ్బుల్లో 1,400 కోట్ల పైమాటే. ఇంగ్లండ్‌లో అప్పటిదాకా ఎవరూ అంత పెట్టి కొనలేదు. “అంత పోసి కొన్నారేంట్రా?” అని నోరు జారాను. “ఈ మార్కెట్లో అది రీజనబులే అన్నా” అన్నాడు చెల్సీ. ఆ రోజు పొద్దున ఉల్లిపాయలు కిలో పౌండు ఇరవై పెన్నీలన్నారని సంచి ఖాళీగా పట్టుకొచ్చింది ఈ మహానుభావుడే.

ఆర్సెనల్‌ని ఏడిపించాలంటే సువారెజ్ పేరెత్తితే చాలు. 2013 వేసవిలో లివర్‌పూల్ నుంచి లూయిస్ సువారెజ్‌ని తెచ్చుకుందామని ఆర్సెనల్ అడిగిన ధర అక్షరాలా 4,00,00,001 పౌండ్లు. నాలుగు కోట్ల మీద ఒక్క పౌండు. నలభై మిలియన్లు దాటితే వదిలేయాలన్న షరతు అతని కాంట్రాక్టులో ఉందని వీళ్ళ నమ్మకం. కాబట్టి దాటారు, ఒకే ఒక్క పౌండుతో. ఆర్సెనల్ గ్రౌండు ఎమిరేట్స్‌లో వీళ్ళు ఏం పీలుస్తున్నారో అన్న అర్థంలో లివర్‌పూల్ యజమాని జాన్ హెన్రీ బాహాటంగా ట్వీట్ పెట్టాడు. మనిషిని మాత్రం ఇవ్వలేదు. “అందులో తప్పేముంది? మనం నూట పదహార్లు చదివించట్లేదా? శుభమా అని పైన ఒకటి వేశారు” అంటాడు మా విజయవాడ వకీలు.

స్పర్స్‌ది బేరం జబ్బు. వాళ్ళ క్లబ్బుకి దాదాపు పాతికేళ్ళు ఛైర్మన్‌గా ఉన్న డేనియల్ లెవీ, ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్ళని కొనే గడువు, మూసే ఆఖరి గంట దాకా బేరం సాగదీసేవాడని పేరు. 2025 సెప్టెంబర్‌లో ఆయన కుర్చీ దిగిపోయాడు. ఆ విద్య మాత్రం మా ఇంట్లో భద్రంగా ఉంది. కొత్తిమీర పౌండుకి మూడు కట్టలంటే మావాడు నాలుగడుగుతాడు. కొట్టువాడు షట్టర్ సగం దించాక “సరే, మూడే ఇవ్వు” అంటాడు. ఈలోగా ఆ మూడూ ఇంకొకళ్ళ సంచిలోకి వెళ్ళిపోయి ఉంటాయి. చారులో కొత్తిమీర లేదేమని అడిగేది మళ్ళీ వీడే.

అందుకే 2025 ఆగస్టులో జరిగింది చూసి నేనేం ఆశ్చర్యపోలేదు. క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడు ఎబెరెచి ఎజే స్పర్స్‌కి దాదాపు ఖాయమైపోయాడని అన్ని చోట్లా రాశారు. మావాడు స్వీట్లు కూడా పంచాడు, సగం సగం విరిచి. చివరి క్షణంలో ఆర్సెనల్ దూరి 60 మిలియన్లూ, పైన ఏడున్నర దాకా బోనసులూ ఒప్పుకుని పట్టుకుపోయింది.

“మీరు లాంఛనాల దగ్గర నసుగుతూ కూర్చోండి బావా, మేం పిల్లాణ్ణి పీటల మీద కూర్చోబెట్టేశాం” అన్నాడు ఆర్సెనల్.

“పదమూడేళ్ళప్పుడు మీ అకాడమీలోంచి పనికిరాడని పంపేసింది మీరేగా!” అని స్పర్స్.

“అందుకే తప్పు దిద్దుకున్నాం. మీరు చెయ్యడానికి తప్పు కూడా దొరకలేదు.”

మిగిలిన స్వీట్లు ఆర్సెనల్ తిన్నాడు.

ఇక చెల్సీ. సీఏ ఇంటర్ దగ్గర ఆపేసి ఇక్కడికొచ్చాడు కాబట్టి మా ఇంటి ఆర్థిక మంత్రి తనే. ఈ క్లబ్బులన్నీ ఆడే ప్రీమియర్ లీగ్‌లో అప్పటి రూలు ప్రకారం మూడేళ్ళలో క్లబ్బు నష్టం 105 మిలియన్లు దాటకూడదు. దాటినందుకు 2023 నవంబర్‌లో ఎవర్టన్ క్లబ్బుకి పది పాయింట్లు కోశారు, అప్పీలు మీద ఆరు చేశారు. మరి అడ్డగోలుగా కొంటూ ఈ గీత దాటకుండా ఉండటం ఎలా? మా మంత్రిగారు అన్నం కలుపుతూ చెప్పే పాఠం ఇదే. 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌ని 106.8 మిలియన్లకి కొని ఎనిమిదిన్నరేళ్ళ కాంట్రాక్టు రాయించుకుంది. ఆ సొమ్ముని ఎనిమిదిన్నరతో భాగిస్తే ఏడాదికి పన్నెండున్నర మిలియన్ల చిల్లర. పుస్తకంలో పడే ఖర్చు అంతే. అదే సొంత అకాడమీలో పెంచిన కుర్రాణ్ణి అమ్మితే పుస్తకంలో వాడి ఖరీదు సున్నా, వచ్చిందంతా ఆ ఏడాదే లాభం. అలా పెంచిన మేసన్ మౌంట్‌ని మాంచెస్టర్ యునైటెడ్‌కి అమ్మినప్పుడు ఏడవాలో నవ్వాలో తెలియక మావాడు రెండూ చేశాడు.

ఇలా ఏళ్ళ తరబడి సాగదీయడం చూసి, ఐదేళ్ళకి మించి పంచొద్దని 2023 చివర్లో లీగ్ గీత గీసింది. చెల్సీ దగ్గర ఇంకో ఉపాయం ఉంది. తన గ్రౌండు స్టాంఫర్డ్ బ్రిడ్జి పక్కనున్న రెండు హోటళ్ళనీ 76.5 మిలియన్లకి అమ్మేసింది. కొన్నది తన గొడుగు కిందే ఉన్న మరో కంపెనీ. హోటళ్ళు ఎక్కడికీ కదల్లేదు, లాభం మాత్రం వచ్చి కూర్చుంది. ప్రీమియర్ లీగ్ సరేనంది. యూరప్ సంఘం యుయెఫా ఆ లెక్క ఒప్పుకోక 2025లో జరిమానా వేసింది. ఈ చివరి వాక్యం మాకు చెప్పింది ఆర్సెనల్. మంత్రిగారి పాఠంలో అది సిలబస్ బయట.

ఈ విద్యంతా ఆయన దగ్గరే ఉంటే మాకు బాధ లేదు. వంటింట్లో బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉంది. తలా అరవై పౌండ్లు అందులో వేస్తే బియ్యం, పాలు, కరెంటు నడుస్తాయి. చెల్సీ ఆ డబ్బా ఊడ్చి అరవై అయిదు అంగుళాల టీవీ తెచ్చాడు, 680 పౌండ్లు. లెక్కల షీట్‌లో ఎనిమిదిన్నరేళ్ళకి పంచాడు. ఏడాదికి 80, నెలకి ఆరు పౌండ్ల అరవై ఏడు పెన్నీలు.

“మన ఇంటి అగ్రిమెంటే వచ్చే జులై దాకా కదరా” అన్నాను.

“లెక్కల్లో అది ఇబ్బంది కాదన్నా.”

అయినా లోటు కనబడుతూనే ఉంది. అప్పుడు మైక్రోవేవ్‌నీ రైస్ కుక్కర్‌నీ కలిపి 95 పౌండ్లకి అమ్మేశాడు. కొన్నవాడు పైగది తమ్ముడు. డబ్బు తర్వాత ఇస్తాడట. షీట్‌లో మాత్రం పచ్చ రంగులో నలభై ఒక్క పౌండ్ల లాభం మెరుస్తోంది. చిక్కేమిటంటే పైగదివాడికి ఫుట్‌బాల్ తెలియదు, కాబట్టి అమ్మకమంటే అమ్మకమే అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కుక్కర్ ఎత్తుకుని పైకి పట్టుకుపోయాడు. మైక్రోవేవ్ గదిలో పట్టలేదు కాబట్టి మాకు దక్కింది. ఆనాటి నుంచి నేను గిన్నెలో అన్నం వారుస్తున్నాను.

2025 నవంబర్ 21, శుక్రవారం ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఓటేసి ఆ నష్టాల రూలు తీసేసి, 2026–27 సీజన్ నుంచి ఆదాయంలో 85 శాతం దాకా జట్టు మీద ఖర్చు పెట్టుకోవచ్చని కొత్త రూలు పెట్టుకున్నాయి. మంత్రిగారు ఆ రాత్రే దాన్ని వంటింటికి వర్తింపజేశారు. ఆదాయం ఎంతుందో చూద్దామని డబ్బా మూత తీశాను. ఒక సేఫ్టీ పిన్నూ రెండు లవంగాలూ ఉన్నాయి.

ఆ ఆదివారం, ఎమిరేట్స్‌లో ఆర్సెనల్, స్పర్స్ మ్యాచ్. సాయంత్రం నాలుగున్నరకి మొదలు. మా ఇంటి ఓనరు కూడా వచ్చి కూర్చున్నాడు. డెబ్భై దాటిన వెస్ట్ హామ్ క్లబ్బు మనిషి. మేం ఓనర్ తాత అనుకుంటాం. అప్టన్ పార్క్‌లో తను పెరిగిన ఆ క్లబ్బు గ్రౌండు 2016 తర్వాత పడగొట్టి ఫ్లాట్లు కట్టేశారని ఆ దారిన నడవడు కూడా. ఆయన చూడ్డానికొచ్చేది ఆర్సెనల్‌ని కాదు, డెక్లన్ రైస్‌ని. 2023లో వెస్ట్ హామ్ నుంచి వంద మిలియన్లకీ, పైన అయిదుకీ అమ్ముడైపోయిన కుర్రాడు. అతనికి బంతి అందినప్పుడల్లా “మావాడు” అని గొణుగుతాడు.

నేను మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. హీటర్ తిరుగుతోంది, టీవీ వెలుగుతోంది, ఎలక్ట్రిక్ పొయ్యి మీద నూనె మరుగుతోంది. ఆర్సెనల్‌కి ట్రొసార్డ్ ఒక గోల్ కొట్టాడు. ఎజే ఒకటి కొట్టాడు. సగం సమయం తర్వాత వచ్చీరాగానే ఎజే ఇంకోటి. స్పర్స్ దుప్పటి ముసుగేసుకున్నాడు. అప్పుడు రిచార్లిసన్ ఎక్కడో దూరంనుంచి లేపి కొట్టిన బంతి గోలీ నెత్తి మీదుగా వెళ్ళి నెట్‌లో పడింది. మూడు, ఒకటి. ముసుగులోంచి స్పర్స్ తల బయటికొచ్చింది, “ఇప్పుడు చూడండ్రా” అన్నాడు.

చూడ్డానికేం లేదు. ఇల్లంతా చీకటి.

మాది ప్రీపెయిడ్ మీటరు. మెట్ల కింద అలమరలో ఉంటుంది. దాని ప్లాస్టిక్ తాళంచెవి కొట్టుకి పట్టుకెళ్ళి డబ్బు వేయించుకొచ్చి గుచ్చాలి. అయిపోతే కొంత ఎమర్జెన్సీ క్రెడిట్ ఇస్తుంది. మేం వాడుతున్నది అప్పటికే ఆ అప్పేనట. ఆ వారం తాళంచెవి డ్యూటీ స్పర్స్‌ది.

“కావాలనే చేశావ్! గోల్ కొట్టగానే ఆపేశావ్!” అని ఆర్సెనల్ అరిచాడు.

“లేదు బావా, నిన్న కొట్టు దాకా వెళ్ళాను. డబ్బాలో డబ్బు లేదుగా, నా జేబులోంచి ఐదు వెయ్యమన్నాను. కనీసం పది వెయ్యాలన్నాడు.”

“మరి?”

“ఇవాళ దిగొస్తాడని వదిలేశా.”

కరెంటు దగ్గర బేరమాడిన మనిషిని నేను అప్పుడే చూశాను. సరిగ్గా చూశానని కూడా అనలేను, చీకటి కదా.

మీటరుకైతే ఆ కొట్టువాడు కార్డు తీసుకోడు. లండన్‌లో జేబులో నోటు పెట్టుకు తిరిగేదెవరు? చెల్సీ ఫోన్ వెలుతురులో షీట్ తెరిచి “మన దగ్గర నలభై ఒకటి ఉండాలే” అంటున్నాడు. ఓనర్ తాత నిట్టూర్చి కోటు లోపలి జేబులోంచి ఇరవై పౌండ్ల నోటు తీశాడు. ఇచ్చేముందు వేళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని, క్లబ్బులు ఆటగాణ్ణి అరువిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నే అడిగాడు: “ఇది ఉత్త లోనా, లేక సీజన్ చివర్లో డబ్బు కట్టితీరాల్సిన లోనా?” ముగ్గురూ ఒక్కసారే “కట్టితీరాల్సిందే” అన్నారు. ఆ ఇంట్లో ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

స్పర్స్ నోటూ తాళంచెవీ పట్టుకుని బయల్దేరాడు. నడక చూస్తే మ్యాచ్ అయ్యేలోపు వచ్చే ఉద్దేశమున్నట్టు లేదు. ఆర్సెనల్ ఫోను చార్జింగ్ లేక చచ్చింది, చెల్సీ ఫోన్లో స్కోరు తిరుగుతూనే ఉంది. ఇంతలో పక్కింటి గోడ బద్దలయ్యేలా అరుపు. పక్కింటివాళ్ళది ఏ క్లబ్బో మాలో ఎవరికీ తెలియదు! చీకట్లో గోడకి చెవులు ఆనించాం, ఓనర్ తాతతో సహా. చివరికి చెల్సీ ఫోను కరుణించింది: డెబ్భై ఆరో నిమిషం, ఎజే, హ్యాట్రిక్. “1978 తర్వాత ఈ రెండు జట్ల మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టినవాడు లేడు” అన్నాడు తాత. ఆర్సెనల్ గెంతాడు. రెండో గెంతులో కుడికాలు నేను కింద పెట్టిన శనగపిండి గిన్నెలో దిగింది. అయినా ఆగలేదు. తెల్లారాక చూస్తే హాలంతా పసుప్పచ్చ అడుగులు, కుడికాలివే.

కరెంటొచ్చింది. టీవీ వెలగగానే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మొదలుపెట్టింది. ఒక శాతం, రెండు శాతం. నూరు శాతమయ్యేసరికి నాలుగు, ఒకటితో ఆట ముగిసి, ఎజే బంతి చంకలో పెట్టుకుని నవ్వుతున్నాడు. “నేను కళ్ళారా చూసింది మూడు, ఒకటే. అప్పుడు ఊపు మాదే” అంటాడు స్పర్స్ ఈనాటికీ.

ఓనర్ తాత ఇచ్చిన ఇరవైని నవంబర్ లెక్కల్లో చెల్సీ ఆదాయం కింద రాశాడు. మా లాభం అరవై ఒక్క పౌండ్లకి చేరింది. మొన్న సంక్రాంతికి పులిహోర చేద్దామని, పైగదివాణ్ణి ఒక్కపూట కుక్కర్ ఇవ్వమన్నాం. వాడు గ్రూపులో కాగితం పెట్టాడు: రైస్ కుక్కర్ లీజు, నెలకి మూడు పౌండ్లు. స్పర్స్ రెండున్నరకి అడుగుతున్నాడు.