హ్యూస్టన్ నుంచి మన సంస్కృతిని కాపాడుకుందాం

అమెరికాలో మన సంస్కృతికి ముప్పు ఎక్కడుందని అడిగితే పెద్దలు బర్గర్ల మీదా డేటింగుల మీదా పడతారు. అసలు ప్రమాదం హ్యూస్టన్‌లో ఉంది. ఆ ఊళ్లో మనుషులు పనేమీ లేకుండానే పలకరిస్తారు.

పొద్దున్నే చెత్తడబ్బా బయటికి లాగుతుంటే, కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఆగి మరీ "ఎలా ఉన్నావు?" అంటాడు. అప్పు అడుగుతాడా, ఇన్సూరెన్స్ అంటగడతాడా అని మనం కాచుకుంటాం. ఏమీ అడగడు. నవ్వి వెళ్లిపోతాడు. ఇక రోజంతా మనకు టెన్షన్. నాలుగు రోడ్ల దగ్గర స్టాప్ బోర్డుంటే మరీ ఘోరం. నాలుగు కార్లవాళ్లూ "ముందు మీరు" అని చేతులూపుతారు, ఒక్కడూ కదలడు. అమీర్‌పేటలో బండి నేర్చుకున్నవాడికి అంత ఖాళీ రోడ్డు కనబడితే ప్రాణం ఆగుతుందా?

మొన్న సూపర్ మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయి నా బెండకాయలు చేతిలోకి తీసుకుని, "వీటితో ఏం చేస్తావు హనీ?" అంది. వేపుడు అన్నాను. వాళ్ల అమ్మమ్మ మొక్కజొన్న పిండిలో పొర్లించి నూనెలో వేయించేదట. వెనకాయన పక్క రాష్ట్రం లూసియానా మనిషి. గంబోలో, అంటే వాళ్ల చిక్కటి పులుసులో, వెయ్యకుండా వేపుడేమిటని నిజంగానే బాధపడ్డాడు. జిగురు పోవాలంటే మూత పెట్టకూడదని నేనూ ఓ మాట వేశాను. వరసలో ఇంకా జనం ఉన్నారు, ఒక్కరూ కసరలేదు. రైతుబజారులో ఇదే పని చేసుంటే నా వంశం మొత్తాన్ని తలుచుకునేవారు.

ఇదంతా ఊరు కట్టిన తీరులోనే ఉంది. జోనింగ్, అంటే ఇళ్లెక్కడ, కొట్లెక్కడ ఉండాలో గీత గీసే చట్టం, పెడదామని 1948, 1962, 1993లో ఓటుకు వెళితే మూడుసార్లూ జనం వద్దన్నారు. దాంతో ఎవరి పక్కన ఏముంటుందో చెప్పలేం. హిల్‌క్రాఫ్ట్ వీధిలో చీరల కొట్టుకు కూతవేటులో పాకిస్తానీ కబాబులు. బెల్లయిర్ రోడ్డు మీద చైనా, వియత్నాం బోర్డులు. 1975 తర్వాత వచ్చిన వియత్నాం వాళ్లయితే లూసియానా క్రాఫిష్‌ను, అదే రొయ్యలాంటి మంచినీటి జీవిని, వెల్లుల్లి వెన్నలో ముంచి తమ వంట చేసేసుకున్నారు. ఇప్పుడది తినడానికి అన్ని రంగులవాళ్లూ ఒకే బల్ల చుట్టూ చేరి మోచేతులదాకా పూసుకుంటారు. మడి లేదు, ఎంగిలి లేదు.

2017 హార్వీ తుపానులో కొన్నిచోట్ల నాలుగైదు రోజుల్లోనే 40 అంగుళాలకు పైగా వాన పడింది. చేపలు పట్టుకునే పడవలు వేసుకొచ్చి, ముక్కూమొహం తెలియని వాళ్లు ముక్కూమొహం తెలియని వాళ్లను ఎక్కించుకుపోయారు. ఏ జిల్లా, ఇంటిపేరేమిటి, మీరేమిట్లు? ఇవేవీ కనుక్కోకుండా మనిషిని పడవెక్కించడం ఏం పద్ధతండీ?

ఇంత ఒత్తిడిలోనూ మనవాళ్లు చెక్కుచెదరలేదు. అధ్యక్ష పదవి వస్తే ఒక సంఘం, రాకపోతే ఇంకో సంఘం. మా పేటలో ఉగాదికి ఒకే శనివారం, పక్కపక్క హాళ్లలో రెండు పంచాంగ శ్రవణాలు పెట్టాం. పార్కింగ్‌లో ఎదురుపడితే ఫోన్ చూసుకున్నాం. అంతా సలక్షణంగా జరిగింది. తీరా చూస్తే రెండు హాళ్లకూ పులిహోర ఒకే వంటాయన దగ్గర్నుంచి వచ్చిందని తేలింది. దీనిమీద ఇరు సంఘాలూ విడివిడిగా విచారణ కమిటీలు వేశాయి.