లేస్తే ధనం, కూర్చుంటే రుణం

భౌతికశాస్త్రాన్ని తెలుగులో చదువుకున్నవాడికి ఒక చిక్కుంది. ఆవేశం అనగానే నాకు ఎలక్ట్రాన్ల కంటే ముందు మా గైడు గారు గుర్తొస్తారు.

గాలిలో ఎగిరే సన్నని బియ్యప్పిండికి ఎంత విద్యుదావేశం అంటుకుంటుందో కొలవడం నా పని. ప్లాస్టిక్ గొట్టంలోంచి పిండిని ఊదితే, గోడలకు రాసుకుంటూ పోయే రేణువులు ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇచ్చేదెవరో పుచ్చుకునేదెవరో ముందే చెప్పడం పెళ్ళి సంబంధాల్లో లాగే కష్టం. అందుకే కొలవాలి. 1843లో మైకేల్ ఫారడే ఐసు బకెట్టుతో చేసిన పనిని నేను రెండు స్టీలు డబ్బాలతో చేస్తున్నాను. లోపలి డబ్బాలో వడపోత కాగితం, దానికో మీటరు. బయటి ఆవేశాలు లోపలికి తొంగిచూడకుండా చుట్టూ ఇంకో డబ్బా, మూతతో సహా ఎర్తు చేసి. మీటరు పికోఆంపియర్లు చూపిస్తుంది. ఒక పికోఆంపియర్ అంటే సెకనుకు దాదాపు 62 లక్షల ఎలక్ట్రాన్లు. వినడానికి ఘనమే గానీ, దాంతో చిన్న బల్బు కూడా వెలగదు.

హైదరాబాదులో జనవరి నెల, గాలి బాగా పొడిగా ఉంది. ఆ సాయంత్రం పిండి ఊదకముందే మీటరు ఎగిరింది. కాసేపటికి మళ్ళీ ఎగిరింది. దూరం నుంచే ఆవేశపడే పిండి! రెండు గంటల గ్రాఫు తీసి, పరిశోధన పత్రానికి పేరు కూడా ఆలోచించుకుని, గైడు గారిని పిలుచుకొచ్చాను.

ఆయనకు కుర్చీ ఇద్దామని లేచాను. మీటరు ఎగిరింది.

“కూర్చో” అన్నారు. కూర్చున్నాను. ఈసారి అటువైపు పడింది.

“లేవవయ్యా.”

అలా ఇరవై గుంజీళ్ళు తీయించారు. లేస్తే ధనం, కూర్చుంటే రుణం. మా నాన్నగారు ఇంటర్ రోజుల నుంచీ నాకు చెబుతున్న మాటే. నా పాలిస్టర్ ప్యాంటు ప్లాస్టిక్ కుర్చీని వదిలినప్పుడల్లా ఒళ్ళంతా ఆవేశం. పాపం, పిండి ఇంకా సీసాలోనే ఉంది.

“అయినా అది లోపలి దాకా ఎలా వెళ్ళింది? బయటి డబ్బా మూత ఏదీ?”

మూత కిటికీ దగ్గర ఉంది. మిరపకాయ బజ్జీలు పెట్టుకోవడానికి పళ్ళెం దొరక్క తీశాను.

ఆయన మారుమాట్లాడకుండా గ్రాఫు అందుకున్నారు. తొమ్మిది శిఖరాలు, తొమ్మిది బజ్జీలు. లెక్క సరిపోయింది. చివరికి వేలు ఒకచోట ఆగింది.

“ఇక్కడ నలభై నిమిషాలు గీత కదలనే లేదే?”

“నిద్రపోయాను సార్.”