సాఫ్ట్‌వేర్ కూడా పరిష్కర్తే, మరి దాని పీఠిక ఏది?

నూరేళ్ల కిందటి తెలుగు పుస్తకాల్లో 'ధర్మము' అన్న మాట 'ధమ౯ము' అని అచ్చయి కనిపించడం మామూలే. 'మ' పక్కన ఉన్న ఆ గుర్తు వలపలగిలక. ముందుగా పలికే పొల్లు రకారాన్ని హల్లుకు కుడివైపున రాసే పాత పద్ధతి అది. పాత పుస్తకాలు చదివే అలవాటున్నవారికి ఇందులో తికమక ఏమీ లేదు. పేజీ బొమ్మను చూసి అక్షరాలు పోల్చుకునే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది తెలుగు తొమ్మిదంకెలా కనిపిస్తుంది. ఒకచోట అంకెగానే దించుతుంది, ఇంకోచోట పూర్తిగా వదిలేస్తుంది. ఆ తర్వాత 'ధర్మము' అని వెతికినవారికి ఆ పేజీ దొరకదు. వెతుకులాటలో తగలలేదు కాబట్టి ఆ పుస్తకంలో ఆ మాటే లేదని పరిశోధకుడు సిద్ధాంతగ్రంథంలో రాసేసే ప్రమాదం ఉంది.

అరసున్నదీ ఇదే కథ. 'ఏఁడు' అంటే సంవత్సరం, 'ఏడు' అంటే సంఖ్య. 'నాఁడు' కాలాన్ని చెబుతుంది, 'నాడు' ప్రాంతాన్ని చెబుతుంది. మసక అచ్చులో అరసున్నను మరక అనుకుని తుడిచేసిన ప్రోగ్రాము పాఠాన్నే మార్చేసింది. ఇదే పని ఒక పండితుడు చేస్తే ఎందుకు మార్చావని నిలదీస్తాం. యంత్రం చేస్తే అడిగే వీలు కూడా ఉండటం లేదు.

తెలుగు సాహిత్యం మీద, చరిత్ర మీద కంప్యూటర్‌తో పరిశోధన చేద్దామనే ఉత్సాహం ఇప్పుడు బాగా ఉంది. అది మంచిదే. కానీ ఆ పరిశోధనకు వాడే సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో ఎవరైనా తెరిచి చూడగలిగేలా, సరిదిద్దగలిగేలా ఉండాలన్న మాట మన విశ్వవిద్యాలయాల్లో గట్టిగా వినిపించడం లేదు. ఉచితంగా దొరికితే చాలనుకుంటున్నాం. ఉచితం వేరు, ఓపెన్ వేరు. నాకు ఈ తేడా సాంకేతిక విషయంగా కనిపించదు. ఇది పాండిత్యానికి సంబంధించిన నియమం.

సి.పి. బ్రౌన్ కడపలో ఏం చేశాడో గుర్తుచేసుకుందాం. సొంత డబ్బుతో పండితులను పెట్టుకున్నాడు. ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, నకళ్లు రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు తేల్చే పని చేయించాడు. ఆ తర్వాత ఇలా పాఠాలు తేల్చిన పరిష్కర్తలు కూడా ఏయే ప్రతులు చూశారో పీఠికలో చెప్పారు, తాము తీసుకోని పాఠాంతరాలను పేజీ అడుగున ఇచ్చారు. అందువల్లే ఇన్నేళ్ల తర్వాత కూడా వారితో విభేదించి, 'ఇక్కడ రెండో పాఠమే సరైనది' అని వాదించగలుగుతున్నాం. సాఫ్ట్‌వేర్‌కు పీఠిక అంటే దాని సోర్స్ కోడ్, ఏ పుస్తకాల పేజీలతో దానికి అక్షరాలు నేర్పారన్న వివరం, వాడిన వెర్షన్ సంఖ్య. ఈ మూడూ లేని యంత్రం ఇచ్చిన పాఠం పీఠిక లేని ముద్రణ లాంటిదే. చదువుకోవడానికి పనికొస్తుంది, ప్రమాణంగా చూపడానికి పనికిరాదు.

టెసరాక్ట్ అనే ఓసీఆర్ ఇంజన్ ఇందుకు మంచి ఉదాహరణ. 1985 నుంచి 1994 వరకు హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో తయారై, ఆ తర్వాత చాలాకాలం పక్కన పడి ఉంది. 2005లో దాని కోడ్‌ను బయటపెట్టారు. 2006 నుంచి గూగుల్ అండ ఇచ్చింది. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతికి మారింది. తెలుగు అక్షరాలు నేర్పిన మోడల్ కూడా ఉంది. పాత అచ్చు పేజీలు కొన్ని తీసుకుని, వలపలగిలకనూ అరసున్ననూ గుర్తించేలా దానికి మళ్లీ శిక్షణ ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పాత పుస్తకాలను స్వచ్ఛందంగా పాఠంగా మార్చి ఆన్‌లైన్‌లో పెట్టే తెలుగు వికీసోర్సులో పనిచేసేవారు ఎక్కువగా ఆధారపడేది గూగుల్ ఓసీఆర్ మీద. అచ్చు శుభ్రంగా ఉంటే అది బాగా చదువుతుంది, టెసరాక్ట్ కంటే చాలాసార్లు మెరుగ్గా చదువుతుంది. రేపటికల్లా పుస్తకం చదువుకోవాలనుకునే మనిషిని అది వాడొద్దనడం అన్యాయం. కాకపోతే అది ఒకే తప్పును వెయ్యి పేజీల్లో చేస్తే వెయ్యిసార్లూ మనమే దిద్దుకోవాలి, యంత్రాన్ని దిద్దే దారి మన చేతిలో లేదు. లోపల మోడల్ మారిన రోజున, నిన్న వచ్చిన పాఠం ఇవాళ ఎందుకు రాలేదో చెప్పేవారు కూడా ఉండరు.

ఆ దిద్దుబాటు శ్రమే మన దగ్గరున్న పెద్ద ఆస్తి. వికీసోర్సులో ఒక పక్క పేజీ బొమ్మ, మరో పక్క పాఠం ఉంటాయి. ఒకరు అక్షరం అక్షరం చూసి దిద్దితే పేజీ పసుపు రంగుకు మారుతుంది, మరో వ్యక్తి సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. ఆకుపచ్చ పేజీ అంటే ఇద్దరు మనుషులు చూసి తేల్చిన బొమ్మ, పాఠాల జత. ఓసీఆర్ యంత్రానికి శిక్షణ ఇవ్వడానికి అంతకన్నా మంచి సామగ్రి ఏముంటుంది? పైగా అదంతా స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది. ఎవరైనా దాన్ని పోగుచేసి, కాలాన్నిబట్టీ అచ్చు అక్షరాలనుబట్టీ విడదీసి, మోడల్ తయారుచేసి అందరికీ ఇవ్వవచ్చు. విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖ, కంప్యూటర్ శాఖ ఒకే ఆవరణలో ఉంటాయి. ఎంఏ తెలుగు విద్యార్థి ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా పేజీలు దిద్దితే, ఎంటెక్ విద్యార్థి వాటితో మోడల్ తీర్చితే ఇద్దరికీ చదువే.

కోడ్ తెరిచి ఉంటే ఇంకో లాభం, ఒక పనిముట్టును ఇంకోదానితో కలపగలగడం. తెలుగు పద్యానికి పుట్టుకతోనే తప్పులు పట్టే ఏర్పాటు ఉంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. పాదం పాదానికీ రెండో అక్షరంలో ప్రాస కుదరాలి. ఓసీఆర్ దించిన పాదంలో 19 అక్షరాలే తేలితే ఎక్కడో ఒకటి జారిపోయినట్టే. యతి కుదరకపోతే 'మ'ను 'య'గా చదివిందేమో అనుమానించవచ్చు. పద్యం ఏ ఛందస్సులో ఉందో చెప్పి గణవిభజన చేసి చూపే 'ఛందం' వంటి సాఫ్ట్‌వేర్ తెలుగులో ఇప్పటికే ఉంది. అలాంటి లెక్కను ఓసీఆర్ వెనక తగిలిస్తే, వెయ్యి పద్యాల్లో ఏ నలభై పద్యాలు మనిషి కన్ను పెట్టి చూడాలో యంత్రమే చెప్పేస్తుంది. మన పూర్వులు శతాబ్దాలుగా కట్టుకున్న శాస్త్రం నేరుగా ప్రోగ్రాములోకి వస్తుందన్న ఆలోచనే నాకెంతో ఉత్సాహాన్నిస్తుంది. ఇంగ్లీషు వచనం కోసం రాసిన ఏ పనిముట్టూ ఈ పని చేసిపెట్టదు.

ప్రతుల్ని పోల్చడంలోనూ అంతే. యూరప్‌లో తయారైన కొలేట్‌ఎక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఒకే గ్రంథపు వేర్వేరు పాఠాలను పక్కపక్కన పేర్చి తేడాలు చూపిస్తుంది. మామూలుగా అది ఖాళీలను బట్టి మాటలు విడదీస్తుంది. తెలుగు పద్యంలో సంధి వల్ల ఖాళీకి అంత విలువ లేదు. ఒక ముద్రణలో 'వాఁడు పోయె' అని, మరో ముద్రణలో 'వాఁడువోయె' అని ఉంటే యంత్రానికి అవి వేర్వేరు పాఠాలు. వ్యాకరణం తెలిసినవారికి అది గసడదవాదేశం, అంటే సంధిలో 'ప' 'వ'గా మారడం మాత్రమే. ఈ జ్ఞానాన్ని ప్రోగ్రాముకు చెప్పాలంటే కోడ్ చేతికి అందాలి. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో సుకాంత చౌధురి నాయకత్వంలోని బృందం టాగోర్ రచనల రాతప్రతులు, ముద్రణలన్నిటినీ 'బిచిత్ర' పేరుతో 2013లో ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు, పాఠాలు పోల్చే సాఫ్ట్‌వేర్‌ను బెంగాలీ కోసం తామే రాసుకున్నారు. తంజావూరు సరస్వతీ మహల్‌లో, చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో, తిరుపతిలో మన గ్రంథాల ప్రతులు ఎన్నో ఉన్నాయి. వాటి కోసం అలాంటి పని తలపెట్టాల్సిన సమయం ఇది.

తయారుచేయడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కలగన్న పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. వేల తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. పేజీలు టిఫ్ బొమ్మలుగా ఉండేవి, చూడటానికి బ్రౌజర్‌కు విడిగా ప్లగిన్ తగిలించుకోవాల్సి వచ్చేది. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కోటి ఒక్కో తీరున. పాఠకులే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుని, పేజీలు దించుకుని పీడీఎఫ్‌లుగా కుట్టుకున్నారు. తర్వాత ఆ సైటు ఆగిపోయింది. పుస్తకాలు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులుగా మిగిలాయి. ఎవరో నకలు తీయగలిగారు కాబట్టే మిగిలాయి. సాఫ్ట్‌వేర్‌కు కూడా ఆ అవకాశం లైసెన్సులోనే ఉండాలి.

జొటెరో అనే ప్రోగ్రాము సంగతి వేరు. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్రకారులు తమ ఆధార గ్రంథాల పట్టిక చూసుకోవడానికి 2006లో దాన్ని విడుదల చేశారు. ప్రోగ్రాము ఉచితం, కోడ్ అందరిదీ. ఎక్కువ ఫైళ్లు సర్వర్లో దాచుకోవాలనుకునేవారు మాత్రం చందా కడతారు, ఆ డబ్బు నిర్వహణకు ఉపయోగపడుతుంది. గజిబిజిగా ఉన్న సమాచార పట్టికలను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్‌ను 2012లో గూగుల్ వదిలేసినా వాడేవారే చేతుల్లోకి తీసుకుని నడుపుతున్నారు. దూరం పోనక్కర్లేదు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ సంస్కృత అధ్యయన శాఖలో అంబా కులకర్ణి బృందం తీర్చిదిద్దిన సంస్కృత భాషా పనిముట్ల సముదాయం 'సంసాధనీ'ని, పారిస్‌లో జెరార్ యుయే రూపొందించిన సంస్కృత విశ్లేషణ సాధనంతో కలిపి వాడుకోవచ్చు.

మనకు అడ్డుపడుతున్నది ప్రతిభ కొరత కాదు, లెక్క. నియామకంలోనూ పదోన్నతిలోనూ ముందు చూసేది వ్యాసాలు, పుస్తకాలు, పేటెంట్లు. రెండేళ్లు కూర్చుని పదవిశ్లేషణ ప్రోగ్రాము రాసిన అధ్యాపకురాలికి దక్కేది దాని గురించి రాసిన ఎనిమిది పేజీల వ్యాసానికి గుర్తింపు మాత్రమే. సాఫ్ట్‌వేర్‌నే సహపరిశోధకులు పరిశీలించి ప్రచురించే జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 2016 నుంచీ నడుస్తోంది. పరిశోధన సామగ్రిని భద్రపరిచే జెనోడో అనే వెబ్‌సైటులో కోడ్ దాచితే వెర్షన్ వెర్షన్‌కూ శాశ్వత సంఖ్య వస్తుంది, వ్యాసంలో పుస్తకాన్ని పేర్కొన్నట్టే దాన్నీ పేర్కొనవచ్చు.

కాబట్టి తెలుగు విశ్వవిద్యాలయాలను, అకాడమీలను, ప్రభుత్వ భాషా శాఖలను అడగాల్సింది ఇంతే. ప్రజల డబ్బుతో తెలుగు పాఠం మీద పనిచేసే ఏ ప్రాజెక్టుకు ఒప్పందం రాసినా, చివరి విడత చెల్లింపుకు ముందు కోడ్‌నూ శిక్షణ సామగ్రినీ స్వేచ్ఛా లైసెన్సుతో బయటపెట్టాలని అందులో రాయాలి. ప్రాజెక్టు ముగిశాక మూడేళ్లపాటు ఒక ప్రోగ్రామర్ జీతానికి డబ్బు విడిగా కేటాయించాలి. ఆ ప్రోగ్రామర్ పక్కన అరసున్న ఎక్కడ ఉండాలో తెలిసిన ఒక తెలుగు పండితుడికి కూడా కుర్చీ వేయాలి, జీతంతో సహా.