పగటివేషాల బిల్డింగు

పగటివేషాల కళ అంతరించిపోతోందని బాధపడే పెద్దలు ఒక్కసారి బెంగళూరు మారతహళ్లి దాకా రావాలి. 'ఆంధ్రా భోజనం, వైఫై, వేడినీళ్లు' అని బోర్డు తగిలించుకున్న పీజీ (పేయింగ్ గెస్ట్) బిల్డింగులు అక్కడ ఆ కళను పోషిస్తున్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఒక్కటే తక్కువ.

మొదటి వేషం కార్పొరేషన్ ముందు. అక్కడ అది వట్టి కొంప. ఆస్తి పన్ను లెక్క తేలికే: జోనును బట్టి చదరపు అడుగు రేటు, దాన్ని విస్తీర్ణంతో, మళ్లీ 10 నెలలతో గుణించాలి. బిల్డింగు వయసుకు తగ్గ తరుగుదల తీసేయాలి. మిగిలినదాంట్లో ఇల్లయితే 20 శాతం, వ్యాపారమైతే 25 శాతం. అడుగు రేటు కూడా వ్యాపారానికే ఎక్కువ, అద్దెకిచ్చిన దానికంటే సొంతానికి వాడుకున్న దానికి తక్కువ. అందుకని అంతస్తుకు ఇరవై మంచాలున్న చోట ఓనరుగారు సకుటుంబంగా కాపురం ఉంటున్నట్టు రాస్తారు. ఉండేవాళ్లలో సగం మంది మనూరివాళ్లే కాబట్టి అది పూర్తి అబద్ధమూ కాదు. తరుగుదల గడిలో బిల్డింగు ముసలిది, బోర్డు మీద 'న్యూ పీజీ'. పన్ను మీద 3 శాతం బెగ్గరీ సెస్సు కూడా ఉంది, అది తమ కోసమే వేశారని కొందరు ఓనర్ల గట్టి నమ్మకం.

రెండో వేషం ఆదాయపు పన్ను ముందు. బిల్డింగు మొత్తం వేరేవాళ్లకు అద్దెకిస్తే, కట్టేసిన ఆస్తి పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం బిల్లులు అడక్కుండా తగ్గిస్తారు. మరమ్మతు చేయించినా అంతే, బాత్రూములు కారుతున్నా అంతే. సొంతంగా నడిపితే అది వ్యాపారం. ఏటా ఆదాయంలోంచి తీసేసుకునే తరుగుదల నివాస భవనానికి 5 శాతమే గానీ, హోటళ్లను, బోర్డింగ్ హౌసులను ఆ కోవలోంచి తప్పించారు, వాటికి 10. అంతే, కార్పొరేషన్ దగ్గర కొంపగా ఉన్నది ఆడిటరు గుమ్మం తొక్కేసరికి బోర్డింగ్ హౌస్ అయిపోతుంది. స్థలం విలువ మాత్రం విడదీయాలి, నేలకు తరుగుదల లేదు (మారతహళ్లిలో అడగడానికి సిగ్గు కూడా వేయాలి). కొన్న ఏడాదిలో వాడకం 180 రోజుల లోపైతే ఆ ఏడాదికి తరుగుదల సగమే. ఆస్తి పన్నును ఖర్చు కింద పుస్తకంలో రాసుకుంటే చాలదు, నిజంగా కట్టి ఉండాలి. ఇక ఇరవై ఏళ్లు తరుగుదల తిన్న భవనాన్ని అమ్మినా, దాని మీద లాభాన్ని స్వల్పకాలికం అనే అంటారు.

మూడోది జీఎస్టీ. అద్దె మనిషికి నెలకు 20,000 మించకుండా, వరసగా 90 రోజులు ఉంటే 2024 జులై నుంచి పన్ను లేదు. అక్కడ హాస్టల్.

వేషాలు ఇన్ని, కరెంటు మీటరు ఒకటి. అది కమర్షియల్ అయి, ట్రేడ్ లైసెన్సు కూడా ఉంటే, ఆ రెండు కాగితాలను ఆస్తి పన్ను ఫారం పక్కన పెట్టి చూడటానికి పెద్ద డిటెక్టివ్ అక్కర్లేదు. తేడా పన్ను, జరిమానా, వడ్డీ కలిపి నోటీసు వస్తుంది. ముందే ఫారం 5 వేసి వాడకం మారిందని చెప్పుకుంటే తేడా ఒక్కటే కడితే సరిపోతుంది. కానీ తొందరెందుకు? ఏప్రిల్‌లోనే మొత్తం కట్టిన అమాయకుడికి దక్కేది 5 శాతం రాయితీ. ఏళ్లు ఎగ్గొట్టినవాళ్లకు 2024లో వన్ టైమ్ సెటిల్‌మెంట్ పెట్టి వడ్డీ మాఫీ చేశారు, జరిమానా సగం చేశారు, గడువును నవంబరు దాకా లాగారు.

బెంగళూరు పాత కార్పొరేషన్ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చిన శుభవేళ ఒక మనవి. ఆస్తి పన్ను ఫారాలు ఇప్పటికి ఆరే ఉన్నాయి. ఏడోది అచ్చు వేయించండి, అందులో 'ఈ రోజు ఈ భవనం ఏమిటి?' అన్న గడి ఒక్కటి చాలు, పెన్సిలుతో నింపుకుంటాం.