బృహద్ధమని పగులు గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశానికి ఖండన

"కడుపులోని పెద్ద రక్తనాళం బరువులెత్తితే పగులుతుంది, ముందుగా తెలిసే దారి లేదు, పగిలాక చేయగలిగిందేమీ లేదు, నడుము నొప్పి మాత్రం రాయిదే, నీళ్లు తాగి తెల్లవారేదాకా చూడండి" అనే సందేశం అనంతపురం, తాడిపత్రి వైపు విస్తృతంగా తిరుగుతోంది. చివరి సలహా ప్రాణం తీసేది కనుక ముందుగా దానికే జవాబు చెబుతాను.

మన ఎండలకు మూత్రపిండాల్లో రాళ్లు మామూలే కాబట్టి, పెద్దవారికి నడుము పట్టుకుంటే ఇంట్లో అందరూ రాయి అనే అనుకుంటారు. అయితే కడుపులోని ఆ పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, పగిలితే దాని నుంచి రక్తం తరచుగా కడుపు వెనుక భాగంలోకి చేరి, రాయి నొప్పిలాగే నడుము నుంచి గజ్జల దాకా నొప్పి పుట్టిస్తుంది. వైద్యులు సైతం పొరబడుతుంటారు. చుట్టూ ఉన్న కణజాలం రక్తాన్ని కాసేపు అదిమి ఉంచడం వల్ల రోగి కొంతసేపు నిలకడగా కనిపించి, ఆ తర్వాత ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. ఆ కొద్ది వ్యవధే చికిత్సకు దొరికే అవకాశం. అరవై దాటిన వ్యక్తికి, ముఖ్యంగా బీడీ అలవాటున్నవారికి, హఠాత్తుగా నడుములోనో కడుపులోనో తీవ్రమైన నొప్పి లేచి, చల్లని చెమటలు పట్టి, కళ్లు తిరిగితే నీళ్లు తాగించకుండా, కడుపు మర్దన చేయకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

"చేయగలిగిందేమీ లేదు" అన్నది కూడా నిజం కాదు. పగిలినవారిలో ఎక్కువమంది, అందులోనూ చాలామంది ఆసుపత్రికి చేరకముందే, మరణిస్తారన్నది వాస్తవమే. కానీ శస్త్రచికిత్స దాకా చేరినవారిలో సగానికి పైగా బతుకుతున్నారు. ఆ తర్వాత కూడా మూత్రపిండాలు దెబ్బతినడం, పెద్దపేగుకు రక్తం అందకపోవడం, కాళ్లకు రక్తప్రసరణ ఆగడం వంటి చిక్కులు రావచ్చు కాబట్టి ఐసీయూలో గమనించాల్సి ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న ధమని మూటలెత్తినంత మాత్రాన పగలదు. ఏళ్ల తరబడి గోడ బలహీనపడి ఉబ్బడమే అసలు కారణం. అందుకు పొగ అన్నింటికన్నా పెద్ద దోషి, ఆపైన వయసు, రక్తపోటు, కుటుంబ చరిత్ర. స్త్రీలకంటే పురుషుల్లో ఇది ఎక్కువ.

ముందుగా తెలియదనడం పూర్తిగా తప్పు. సాధారణంగా రెండు సెంటీమీటర్లుండే ఈ ధమని వెడల్పు మూడుకు చేరితే ఉబ్బుగా లెక్కిస్తారు, పురుషుల్లో 5.5, స్త్రీలలో 5 దగ్గరికి వస్తే పగలకముందే మరమ్మతు సూచిస్తారు. ఇంగ్లండులో 65 ఏళ్ల పురుషులందరినీ ఇందుకోసం అల్ట్రాసౌండ్ పరీక్షకు పిలుస్తారు. మన దగ్గర అలాంటి పిలుపు రాదు. అయినా రాయి కోసం తీసే కడుపు స్కానింగులోనే, బీడీ కాల్చిన పెద్దవారికి బృహద్ధమని వెడల్పు కూడా కొలిచి రాయమని అడగవచ్చు.