బాబాయి బుల్లెట్టు, లీటరు ఆయిలు

మా బాబాయికి పాత బుల్లెట్ ఉంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే ఇనప బోరు (సిలిండరు) బండి. మద్రాసులో బుల్లెట్లు 1950ల నుంచి తయారవుతున్నా, ఇది మాత్రం తన కోసమే పోత పోశారన్నట్టు మాట్లాడతాడు.

చలికాలమంతా ముసుగుతన్ని పడుకున్న ఆ బండిని ఉగాది పొద్దున బయటికి తీశాడు. ఆయిలు ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూస్తే చివర తడి కూడా లేదు.

"చూశావుట్రా, చుక్క లేదు! కింద మరక కూడా లేదు. మరి ఆయిలంతా ఎటు పోయినట్టు?"

ప్రశ్న బంగారంలాంటిది. జవాబు కోసం మాత్రం ఆగలేదు. లీటరు డబ్బా తెచ్చి గడగడా వంపేశాడు. తర్వాత సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివరు నొక్కి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా తొక్కి, దణ్ణం పెట్టుకుని ఒక్క తన్ను తన్నాడు.

స్టార్టయింది. ఆ వెంటనే వీధి మాయమైంది. నీలంగా, చిక్కగా వచ్చిన పొగను చూసి దోమల మందు బండి వచ్చిందనుకుని పిల్లలు కేరింతలు కొడుతూ పరిగెత్తుకొచ్చారు. మేడ మీదావిడ కిటికీలు టపటపా వేసేసుకుంది. కాసేపటికి ఇంజన్లో గాలి బయటికి వదిలే బ్రీదర్ గొట్టం కూడా ఆయిలు కక్కడం మొదలెట్టింది. ఎక్కడనుకున్నారు? పిన్ని తెల్లవారుజామున లేచి పెట్టిన ముగ్గు మీద.

పొగ తగ్గేలోపు వైద్యులు చేరారు. రిటైర్డు రైల్వే గారు "రింగులు పోయాయండీ" అన్నారు. ఇస్త్రీ అబ్బాయి హెడ్ గాస్కెట్ అన్నాడు. అసలు బుల్లెట్ ఎక్కనే ఎక్కని ఎదురింటాయన "బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించాల్సిందే" అని తేల్చేశాడు. మనిషికి జ్వరమొస్తే మాత్రలతో సరిపెట్టే మా వీధి, బుల్లెట్‌కి మాత్రం ఆపరేషన్ తప్ప ఇంకోటి చెప్పదు.

చివరికి ఆటోనగర్ నుంచి ముసలి మెకానిక్ వచ్చాడు. బండి ఆడుతుండగానే ఇంజన్ పైన వాల్వుల్ని కదిపే రాకర్లకు ఆయిలు తీసుకెళ్లే గొట్టం బోల్టు కాస్త వదులు చేశాడు. సన్నగా ఆయిలు ఊరింది. "పంపు బానే తోడుతోంది" అని బిగించేశాడు. బండి ఆపించి, డిప్‌స్టిక్ తీసి బాబాయి ముక్కు ముందు పెట్టాడు. గీత దాటి పైదాకా ఆయిలే.

"ఎంత పోశారు సార్?"

"లీటరే."

"పాత ఆయిలు ఎక్కడికీ పోలేదు సార్. పక్క గదిలో కూర్చుంది."

ఈ ఇంజన్లో ఆయిలు ట్యాంకు వేరే అర, పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, తిరిగే చోటు వేరే అర. ఒక పంపు ట్యాంకులోంచి బేరింగులకు పంపితే, రెండోది అడుగున చేరినదాన్ని తోడి వెనక్కి తెస్తుంది. పాతబడ్డ పంపు ఉన్న బండిని నెలల తరబడి కదపకపోతే ఆయిలు మెల్లగా క్రాంకు వైపు దిగిపోతుంది. ట్యాంకు ఎండినట్టు కనిపిస్తుంది. స్టార్టు చేయగానే దిగినదాంట్లో కొంత పొగై, మిగతాది వెనక్కొస్తుంది. అప్పటికే అక్కడ లీటరు కొత్తది కాపురం పెట్టి ఉంటే, ఇక మిగిలిన దారి బ్రీదరే. బీఎస్ఏ, నార్టన్ లాంటి పాత ఇంగ్లీషు బైకులు నడిపేవాళ్లకు ఇది కొత్తేం కాదు.

"ఐదు నిమిషాలు ఆడించి, ఆపాకే ఆయిలు చూడాలి సార్" అని చెప్పి, ఎక్కువైంది డబ్బాలోకి దించేసి, టీ తాగి వెళ్లిపోయాడు. బోరు ఖర్చు లెక్కలేస్తున్న ఎదురింటాయన ముఖంలో నిరాశ చూడాలి.

ఆ డబ్బా పిన్ని తీసుకుని గేటు బందులకు, బావి గిలకకు, కుట్టుమిషను పెడలుకు రాసి, "ఇంకా ఉంది, మళ్లీ పోసుకుంటారా?" అని అడిగింది. బాబాయి పేపరు చదువుతున్నట్టు నటించాడు.

అయితే ఆ జ్ఞానం ఊరికే పోలేదు. మొన్న టీ కొట్టు దగ్గర కొత్త బుల్లెట్ కుర్రాడు కనిపిస్తే బాబాయి వదల్లేదు. రెండు పంపులూ, రెండు అరలూ, ఐదు నిమిషాలూ, మొత్తం పాఠం చెప్పాడు. కుర్రాడు ఓపిగ్గా విని, ఇంజన్ పక్కనున్న గుండ్రటి గాజుబిళ్ల చూపించాడు.

"దీనికి ఆయిలు ఇందులోంచి కనిపిస్తుందండీ అంకుల్."

బాబాయి వంగి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూశాడు.

"కనిపిస్తే కనిపించనీ. ఐదు నిమిషాలు ఆడించు."