పది దాటితే పైకే

నాకో దురలవాటు ఉంది. ఏ ఊరు వెళ్ళాలన్నా ముందు నోటుబుక్కు తీస్తాను. అన్నవరం వెళ్ళినా సరే, కొండ మీద సత్రంలో వేణ్ణీళ్ళు ఎన్నింటికి వస్తాయో రాసుకుంటేగానీ బండి ఎక్కను. అలాంటివాణ్ణి హాంకాంగ్ ప్రయాణమంటే ఊరుకుంటానా? రెండొందల పేజీల బుక్కు సగం నింపాను.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి అక్కడ 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు గానీ, బయల్దేరేముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని ఆ చీటీ ప్రింటు తీసి పట్టుకెళ్ళాలి. మనిషికి నాలుగు కాపీలు తీయించాను. అక్కడి ప్లగ్గులకి బ్రిటిష్ పద్ధతిలో చదరపు పిన్నులు మూడుంటాయి, మన గుండ్రటివి దూరవు. అడాప్టర్లు కొన్నాను. "మీరుండగా మాకేం దిగులు అల్లుడుగారూ!" అన్నారు మామగారు. ఆ ప్రయాణంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇమిగ్రేషన్ దగ్గరే ఆయన మొహం చిన్నబోయింది. పాస్‌పోర్టులో ముద్ర వెయ్యకుండా చిన్న కాగితం ముక్క చేతిలో పెట్టారు. 2013 నుంచీ ఇక్కడ అంతేనండీ అని బుక్కు చూసి చెప్పాను. "ముద్ర లేకపోతే మా వాకింగ్ బ్యాచ్‌వాళ్ళు నమ్ముతారా?" అని ఆయన బెంగ.

ఊళ్ళోకి రాగానే బెంగ తీరింది. ఎక్కడ చూసినా ఎం.టి.ఆర్. అని బోర్డులు. "మన ఉప్మా కంపెనీవాళ్ళు ఇంత ఎదిగారా!" అని మురిసిపోయారు. అది మెట్రో రైలు పేరని, అందులో ఏమైనా తింటూ దొరికితే 2,000 హాంకాంగ్ డాలర్ల దాకా జరిమానా అని చెప్పాను. బ్యాగులో ఉన్న ఆరు ఎం.టి.ఆర్. ఉప్మా పొట్లాలను తడుముకుని, "ఎం.టి.ఆర్.లో ఎం.టి.ఆర్. తినకూడదా?" అన్నారు. దానికి నా బుక్కులో జవాబు లేదు.

రైలుకీ, బస్సుకీ, ట్రాముకీ, చిల్లర కొట్టుకీ అన్నిటికీ పనికొచ్చే కార్డు పేరు ఆక్టోపస్. ఇదీ రాసుకున్నాను గానీ ఆయనకి చెప్పడం మర్చిపోయాను. నీళ్ళ సీసా కొంటుంటే కౌంటరు దగ్గరమ్మాయి "ఆక్టోపస్?" అని అడిగింది. మామగారు రెండు చేతులూ ఊపేసి "నో నో! ప్యూర్ వెజ్!" అన్నారు.

ఇవన్నీ చిన్నవి. అసలు సంగతి మూడోరోజుది.

హాంకాంగ్ దీవిలో సెంట్రల్ అనే ఆఫీసుల పేట నుంచి మిడ్-లెవెల్స్ అనే కొండవాలు పేట దాకా, పైన కప్పుతో ఎస్కలేటర్ల వరస ఒకటుంది. 800 మీటర్ల పొడవు, 135 మీటర్ల ఎత్తు. 1993లో పెట్టారు. ఆరుబయట ఇంత పొడుగుది ప్రపంచంలో ఇంకోటి లేదని చాలాకాలం చెప్పుకున్నారు. నా బుక్కులో దీని ఎదురుగా 'ఉ. 6 – రా. 12. ఫ్రీ' అని రాసి, 'ఫ్రీ' కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను.

పొద్దున్నే అయితే రద్దీ ఉండదని ఎనిమిదింటికే అందర్నీ లేవదీసి, దీవికి ఎదురొడ్డున ఉన్న చిమ్ షా చుయ్ పేటలో స్టార్ ఫెర్రీ అనే పడవ ఎక్కించాను. అందులో బల్లల వీపుచెక్కలు అటూ ఇటూ తిరుగుతాయి, పడవ ఎటు పోతుంటే అటు తిప్పుకుని కూర్చోవచ్చు. మామగారు నాలుగుసార్లు తిప్పి చూశారు. ఆ రోజు మేం తిప్పినట్టు తిరిగింది అదొక్కటే.

సెంట్రల్ మార్కెట్ దగ్గరికెళ్ళి చూద్దును కదా, ఎస్కలేటరు కిందికి వస్తోంది. దాని మీద వందలమంది ఆఫీసువాళ్ళు, ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో ఫోను. మాల్స్‌లోలాగా పక్కన పైకెళ్ళేది ఉంటుంది కదా అని స్తంభాల వెనక్కి కూడా తొంగిచూశాను. లేదు. ఉన్నది ఒక్కటే. అప్పుడు కనబడింది బోర్డు. ఉదయం 6 నుంచి 10 దాకా కిందికి, 10 నుంచి రాత్రి 12 దాకా పైకి.

కొండ మీద ఇళ్ళు, కింద ఆఫీసులు. పొద్దున అందరూ దిగాలి కాబట్టి దించుతుంది, తర్వాత ఎక్కిస్తుంది. ఏర్పాటులో ఏ లోపమూ లేదు. లోపమల్లా మధ్యలో ఉన్న 10ని వదిలేసి మిగతాది ఎక్కించుకున్న నా బుర్రలో ఉంది.

ఆ మాట పిల్లనిచ్చిన మామగారి ముందు ఎవరు ఒప్పుకుంటారు? "ఇదే నయమండీ," అన్నాను. "ఇప్పుడు ఒళ్ళు తేలిగ్గా ఉంది, మెట్లెక్కుదాం. దిగేటప్పుడు మహారాజుల్లా దీని మీద దిగొచ్చు." మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే నాకు ఎక్కువ టెన్షన్.

ఎక్కాం. హాలీవుడ్ రోడ్డు అని కనబడితే, సినిమావాళ్ళుండేది ఇక్కడేనా అని మామగారు కాసేపు ఆగారు. నిజానికి ఆయాసానికి ఆగారు, పేరు హాలీవుడ్ మీద పెట్టారు. షెల్లీ స్ట్రీట్‌లో పాత మసీదు దగ్గరికి వచ్చేసరికి నేనూ ఏదో ఒకటి చూస్తున్నట్టు ఆగడం నేర్చుకున్నాను. తిరుమల కొండెక్కితే మోకాళ్ళ పర్వతం దగ్గర గోవిందా అని అరిచే వీలైనా ఉంటుంది. ఇక్కడ పక్కన జనం కదలకుండా నిలబడి మమ్మల్ని చూస్తూ దిగిపోతున్నారు. మావాడు మెట్లు లెక్కపెడుతూ మూడొందల దగ్గర మర్చిపోయి, మళ్ళీ కిందికెళ్ళి లెక్కపెడదామన్నాడు.

తొమ్మిదీ ముప్పావుకి కాండ్యూట్ రోడ్డు చేరాం. పైన అపార్టుమెంట్లున్నాయి. ఒక రోడ్డుంది. "ఇక్కడ చూడాల్సిందేమిటి?" అన్నారు మామగారు. నేను బుక్కు తీశాను. ఏమీ రాసి లేదు. ఎక్కడం గురించే చదివాను తప్ప, ఎక్కితే ఏముంటుందో చదవలేదు.

"వెంటనే దిగిపోదామండీ," అంది మా ఆవిడ. కానీ మామగారు అప్పటికే మెట్టు మీద కూర్చుని, పొద్దున హోటలు కెటిల్ నీళ్ళతో కలిపిన ఉప్మా డబ్బా మూత తీశారు. ఇక్కడ జరిమానా లేదుగా అని నన్నే అడిగారు. ఆయన జీడిపప్పు ఏరుకుని చివరికి దాచుకునే రకం. ఆ జీడిపప్పులయ్యేసరికి పదైంది.

మహారాజుల్లా లేచాం. ఎస్కలేటరు ఆగిపోయి ఉంది. యూనిఫాం వేసుకున్న ఒకాయన ఏదో చూసుకుని పక్కకి తప్పుకున్నాడు. మెట్లు మెల్లగా కదిలాయి, పైకి.

దిగేటప్పుడు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మాకెదురుగా టూరిస్టులు నవ్వుకుంటూ, సెల్ఫీలు తీసుకుంటూ వస్తున్నారు. మోకాళ్ళు నొప్పి పుట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే.

కిందికొచ్చాక మామగారు ఎస్కలేటరు వంక ఒక నిమిషం చూశారు. తర్వాత మనవడి చెయ్యి పట్టుకుని దాని మీద కాలు పెట్టేశారు. "ఫ్రీ అన్నారుగా అల్లుడుగారూ! ఎక్కకుండా వెళ్ళిపోతామా?" అన్న గొంతు అప్పటికే పైనుంచి వినబడుతోంది.

ఖాళీ ఉప్మా డబ్బా నా చేతిలో పెట్టి మా ఆవిడ కూడా ఎక్కింది. నాలుగు మెట్లు పైకి పోయాక వెనక్కి తిరిగింది.

"ఏవండీ, మరి దిగేదెలాగో మీ బుక్కులో చూసి చెప్పండి."